పగార్ ముందు ఎవరు చెప్పాలి?

బొగ్గుబాయి జీతం బెల్లంపల్లిలో అందరికీ తెలిసిన లెక్క. బాయి పని దొరకని ఈ తరం పిల్లలు హైదరాబాద్ కంపెనీల ఫోన్ల ముందు ఒక్కొక్కరుగా బేరానికి నిలబడుతున్నారు. ‘ఇప్పుడెంత వస్తోంది? ఎంత ఆశిస్తున్నారు?’ అన్న రెండు ప్రశ్నలకు వాళ్లిచ్చే జవాబు ఏళ్ల తరబడి వాళ్ల సంపాదనను శాసిస్తోంది. ఆ ప్రశ్నలకు ఎలా తయారవ్వాలి? అసలు ముందు చెప్పాల్సింది ఎవరు?

ఊరందరికీ తెలిసిన జీతం

సింగరేణి కార్మికుడి ఇంట్లో పెరిగినవాళ్లకు జీతం రహస్యం కాదు. జనరల్ మజ్దూర్ అంటే ఒకటో కేటగిరీ. ఆపైన ఏ పనికి ఏ కేటగిరీ, దాని బేసిక్ ఎంత, అండర్‌గ్రౌండ్ అలవెన్సు ఎంత, ఆదివారం డ్యూటీ (ప్లే డే) పడితే ఎంత... ఈ లెక్కలు కాంటా చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లకు కూడా నోటికొచ్చు. వేజ్‌బోర్డు ఒప్పందం కుదిరిందంటే కొత్త బేసిక్‌ల పట్టిక ఇంటింటి ముచ్చటవుతుంది. దసరా దగ్గర పడితే లాభాల వాటా ఎంత శాతమన్నది పేపర్లో మొదటి పేజీ వార్త. 2024లో అది 33 శాతమని, మొత్తం 796 కోట్ల రూపాయలని ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెప్పారు.

దీని వెనక యాభై ఏళ్ల పద్ధతి ఉంది. బొగ్గు పరిశ్రమలో యాజమాన్యాలు, జాతీయ కార్మిక సంఘాలు ఎదురెదురుగా కూర్చునే జేబీసీసీఐ అనే ఉమ్మడి కమిటీ జీతాలు తేలుస్తుంది. మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం 1975 జనవరి 1 నుంచి అమలైంది. కోల్ ఇండియాకు కుదిరిందే సింగరేణికీ వర్తిస్తుంది. 11వ ఒప్పందం 2021 జులై 1 నుంచి లెక్కలోకి వచ్చినా సంతకాలు పడింది 2023 మే 20న. కనీస పెంపు 19 శాతం. మధ్యలోని 23 నెలల బకాయి ఆ ఏడాది సెప్టెంబరులో కార్మికుల ఖాతాల్లో పడింది. ఆలస్యమైనా ఒక్కరికి పడి ఇంకొకరికి పడకపోవడమన్నది లేదు.

ఆ పద్ధతిలో అన్నిటికన్నా విలువైన సూత్రం ఒకటుంది. జీతం పనికి కట్టిన రేటు. ఆ పనిలోకి వచ్చిన మనిషి నిన్న ఎంత సంపాదించాడన్నది లెక్కలోకి రాదు. కూలికి పోయి వచ్చినవాడైనా, హోటల్లో పనిచేసి వచ్చినవాడైనా ఒకటో కేటగిరీలో చేరితే ఒకటో కేటగిరీ బేసిక్కే. ‘ఇంతకు ముందు నీకు ఎంత వచ్చేది? దాని మీద ముప్పై శాతం కలిపి ఇస్తాం’ అని బాయి మీద ఎవరూ అనలేదు.

ఈ న్యాయం గనిలో చెమటోడ్చే అందరికీ అందలేదన్నదీ నిజమే. పర్మినెంట్ కార్మికుడి పక్కనే నిలబడి పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి కేటగిరీ లేదు, వేజ్‌బోర్డు లేదు. జీతాలు పెంచాలని 2022 సెప్టెంబరులో వాళ్లు రోజుల తరబడి సమ్మె చేయాల్సి వచ్చింది. లాభాల్లోంచి వాళ్లకూ తలా 5 వేలు ఇవ్వడం 2024లోనే మొదలైంది. పట్టికలో పేరు ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం ఎంతో బొగ్గు ప్రాంతం కళ్లారా చూసింది. బయటికి వెళ్తున్న పిల్లలు ఇప్పుడు పట్టిక లేని లోకంలోకి అడుగు పెడుతున్నారు.

భాగ్యనగర్ రైలెక్కిన తరం

బెల్లంపల్లి ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1920ల చివర మొదలైంది. 1990ల మొదట్లో సింగరేణి మొత్తం మీద లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. బెల్లంపల్లి చుట్టూ బాయిలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కార్యాలయాలు, క్వార్టర్లలోని జనం గోలేటికీ మందమర్రికీ శ్రీరాంపూర్‌కీ కదిలారు. 2022లో సింగరేణి 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు పరీక్ష పెడితే 98 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్క పోస్టుకు అయిదు వందల యాభై మంది.

అందుకే ఈ ఊరి పిల్లలు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసో, మంచిర్యాలలో డిగ్రీ, కరీంనగర్‌లో ఇంజినీరింగ్ చదివో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌ ఎక్కుతున్నారు. అమీర్‌పేటలో ఒక కోర్సు, కూకట్‌పల్లిలో ఒక హాస్టల్, సెల్‌ఫోన్‌లో నాలుగైదు జాబ్ యాప్‌లు. ఐటీ సేవలు, కాల్ సెంటర్, మందుల కంపెనీ, ఆసుపత్రి, గోదాము, బ్యాంకు సేల్స్... ఏదో ఒక చోటు నుంచి ఫోన్ వస్తుంది. పేరు, చదువు, అనుభవం అడిగిన తర్వాత మూడో నిమిషంలో ఆ ప్రశ్న వస్తుంది. “కరెంట్ సీటీసీ ఎంత? ఎక్స్‌పెక్టెడ్ ఎంత?”

ఇంట్లో దీనికి సలహా చెప్పేవాళ్లు లేరు. తండ్రి జీతం యూనియన్ మాట్లాడింది, తల్లికి జీతమే లేదు. “ఎంత ఇస్తే అంత తీసుకో, ఎక్కువ అడగకు బిడ్డా, ముందు జాయినయితే తర్వాత పెంచుతరు” అన్నదే చాలా ఇళ్లలో వినిపించే మాట. ప్రేమతో చెప్పే మాటే. బాయిలో అది నిజం కూడా, ఎందుకంటే అక్కడ చేరినవాడికి ఇంక్రిమెంట్, ప్రమోషన్, వేజ్‌బోర్డు తమంతట తాము వచ్చేవి. ప్రైవేటు కొలువులో మాత్రం చేరినప్పుడు ఒప్పుకున్న అంకె మీదే ఆ తర్వాతి పెంపులన్నీ నడుస్తాయి. ఆ అంకె దగ్గర తగ్గితే తర్వాత ఎక్కడా ఎక్కలేం.

ఎందుకు అడుగుతారు?

ఫోన్ చేసేవాళ్లు రెండు రకాలు. కంపెనీ సొంత హెచ్ఆర్ మనుషులు ఒకరు, మధ్యలో ఉండే కన్సల్టెన్సీవాళ్లు మరొకరు. కన్సల్టెన్సీకి డబ్బు ఇచ్చేది కంపెనీ. మనిషి చేరాక అతని ఏడాది జీతంలో కొంత శాతం రుసుముగా ఇస్తుంది. మన జీతం పెరిగితే వాళ్ల రుసుమూ పెరుగుతుంది, కానీ ఒక్క మనిషి కోసం బేరమాడటం కన్నా త్వరగా పోస్టు నింపి ఇంకో పోస్టుకు వెళ్లడం వాళ్లకు లాభం. కాబట్టి వాళ్లు మన శత్రువులు కారు, అలాగని మన తరఫు వకీళ్లూ కారు. ఉద్యోగం ఇప్పించడానికి మన దగ్గరే డబ్బు అడిగేవాళ్లు మాత్రం కన్సల్టెన్సీ కాదు. ‘రిజిస్ట్రేషన్’, ‘ల్యాప్‌టాప్ డిపాజిట్’, ‘ట్రైనింగ్ ఫీజు’... పేరు ఏదైనా అక్కడితో ఫోన్ పెట్టేయాలి.

జీతం అడగడంలో వాళ్ల అవసరం మూడు రకాలు. మొదటిది వడపోత: పోస్టుకు పెట్టుకున్న బడ్జెట్ ఏడు లక్షలైతే పన్నెండు లక్షలవాడితో మాట్లాడటం వృథా. ఇది న్యాయమైన కారణమే. రెండోది కొలత: మనిషి విలువను అతని పాత జీతంతో అంచనా వేయడం. మూడోది ఆదా: ఏడు లక్షల బడ్జెట్ ఉన్నచోట నాలుగు లక్షలవాడు దొరికితే అయిదున్నరకు ఒప్పించవచ్చు. ఇబ్బంది రెండో కారణంతోనూ మూడో కారణంతోనూ. మొదటిదే నిజమైన కారణమైతే పని తేలిక. బడ్జెట్ ఎంతో వాళ్లే ముందు చెబితే సరిపోతుంది.

ముప్పై శాతం లెక్క

‘ఉన్నదాని మీద ముప్పై శాతం’ అన్నది ఉద్యోగాల సంతలో చట్టంలా చలామణి అవుతోంది. దీని దెబ్బ ఎలా ఉంటుందో అంకెల్లో చూద్దాం. ఇద్దరు ఒకే పని చేస్తున్నారనుకోండి. ఒకరు చిన్న ఊళ్లోని చిన్న సంస్థలో 3 లక్షలతో మొదలుపెట్టారు, ఇంకొకరు హైదరాబాద్‌లో 6 లక్షలతో. మధ్య తేడా 3 లక్షలు. ఇద్దరూ ముప్పై శాతం పెంపుతో కంపెనీ మారితే 3.9 లక్షలు, 7.8 లక్షలు. తేడా 3.9 లక్షలయింది. మరోసారి మారితే 5.07, 10.14 లక్షలు. తేడా 5 లక్షలు దాటింది. ఇద్దరికీ ‘సమానంగా’ పెంచారు. ఒకే పని చేసే ఇద్దరి మధ్య అగాధం పెరుగుతూనే ఉంది.

ఈ లెక్కలో ఎప్పుడూ నష్టపోయేది మొదట తక్కువకు చేరినవాళ్లే. ఇంట్లో మొదటి తరం ఉద్యోగి. ఇంగ్లిష్‌లో తడబడి, దొరికిందే చాలనుకున్న డిప్లొమా కుర్రాడు. కరీంనగర్ ఐటీ టవర్‌లో ఇంటికి దగ్గరని తక్కువ జీతానికి చేరిన అమ్మాయి. పిల్లల కోసం రెండేళ్లు మానేసి మళ్లీ పని వెతుక్కుంటున్న తల్లి. వాళ్ల పాత జీతం వాళ్ల పనితనాన్ని చూపదు, ఆనాటి వాళ్ల అవసరాన్ని చూపుతుంది. అవసరాన్ని ఆసరా చేసుకుని ఇచ్చిన అంకెను జీవితాంతం వెంట తిప్పడం అన్యాయం.

పెద్ద ఐటీ సేవల కంపెనీల్లో కొత్తగా చేరేవాళ్ల ప్యాకేజీ పదేళ్లకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే ఉండిపోయింది. హాస్టల్ అద్దె, బస్ పాస్, బియ్యం, కూరగాయలు అన్నీ పెరిగాయి. మొదటి అంకె కదలని చోట రెండో అంకెను కూడా దానికే కట్టేస్తే మనిషి ఎన్నటికి తేరుకుంటాడు?

ఫోన్లో ఏం చెప్పాలి?

ఎదురుప్రశ్న వేయడం పొగరు కాదు. మర్యాదగా, నవ్వుతూ, తడుముకోకుండా అడగవచ్చు. ఉదాహరణకు మూడేళ్ల అనుభవం ఉన్న అమ్మాయికి ఫోన్ వచ్చిందనుకుందాం.

“మీ కరెంట్ సీటీసీ ఎంతండీ?”

“మేడం, నేను ఇప్పుడు చేస్తున్న పని వేరు, మీరు చెప్పిన పోస్టులో బాధ్యతలు వేరు. దీనికి మీరు అనుకున్న బడ్జెట్ ఎంతో చెబితే, నాకు కుదురుతుందో లేదో ఇప్పుడే చెప్పేస్తాను. ఇద్దరికీ టైం కలిసొస్తుంది.”

చాలామంది ఇక్కడే బడ్జెట్ చెప్పేస్తారు. కొందరు చెప్పరు.

“ముందు మీరు చెప్పాలండీ. లేకపోతే మీ ప్రొఫైల్ ముందుకు వెళ్లదు.”

“అర్థమైంది మేడం. నేను విచారించినంతలో హైదరాబాద్‌లో ఈ పనికి ఆరు నుంచి ఏడున్నర లక్షల వరకు నడుస్తోంది. నేనూ ఆ మధ్యలోనే చూస్తున్నాను. మీ బడ్జెట్ అందులోకి వస్తుందా?”

ఈ జవాబులో అబద్ధం లేదు, దాటవేత లేదు. మాట పాత జీతం మీద నుంచి పని రేటు మీదికి మళ్లింది. ఇక్కడొక జాగ్రత్త. మనం ‘ఆరు నుంచి ఏడున్నర’ అంటే వాళ్ల చెవిన పడేది ఆరే. అందుకే కింది అంకె మనకు నిజంగా సమ్మతమైనదై ఉండాలి. అయిదు చాలనుకుని ఆరు అనడం తప్పు కాదు. ఆరు కావాల్సిన మనిషి అయిదు నుంచి మొదలుపెడితే మాత్రం నష్టం.

ఆ విచారణ ఎలా? ఒకే పోస్టుకు వేర్వేరు కంపెనీలు ఇచ్చిన ప్రకటనలు చూడాలి, కొన్నిటిలో జీతం ఉంటుంది. ఆ పని చేస్తున్న సీనియర్లను ‘నీకెంత?’ అని కాకుండా ‘ఈ పనికి, ఇన్నేళ్ల అనుభవానికి బయట ఎంత నడుస్తోంది?’ అని అడగాలి. అలా అడిగితే చెప్పడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. నలుగురిని అడిగితే ఒక అంచనా చేతికొస్తుంది. ఆ అంచనా లేకుండా ఫోన్ ఎత్తితే వాళ్లు చెప్పిందే రేటు అవుతుంది.

కొన్ని ఆన్‌లైన్ దరఖాస్తులు ‘ప్రస్తుత జీతం’ గడి నింపకపోతే ముందుకు కదలవు. ఖాళీగా వదలనిస్తే వదలండి. వదలనివ్వకపోతే నిజమే రాయండి. అయితే పూర్తిగా రాయండి: బేసిక్ ఒక్కటే కాదు, బోనస్, నైట్ షిఫ్ట్ అలవెన్సు, ఇన్సూరెన్సు, త్వరలో రావాల్సిన ఇంక్రిమెంట్ అన్నీ కలిపి. ఫోన్లో చెప్పాల్సి వచ్చినా అంతే. చెప్పిన వెంటనే ఒక మాట చేర్చాలి: “ఇది నేను మూడేళ్ల కింద చేరినప్పటి లెక్క మీద వచ్చిన జీతం. ఈ పోస్టుకు నేను చూస్తున్నది ఇంత.”

జీతం ఎక్కువ చేసి చెప్పడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మూడు నెలల పే స్లిప్పులు అడుగుతారు, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా జమ అయిన డబ్బుతో కూడా పోల్చి చూస్తారు. ఆఫర్ ఇచ్చాక, చేరిన తర్వాత కూడా ఈ కారణంతో తీసేస్తారు. చెప్పకపోవడం మన హక్కు, అబద్ధం చెప్పడం హక్కు కాదు.

ఇంకొక సంగతి. మన పిల్లలు చాలామంది జీతం అడిగేటప్పుడు ఇంటి కష్టాలు చెబుతారు. నాన్న రిటైరయ్యాడు, చెల్లి పెళ్లి, ఇంటి అప్పు. అవి నిజాలే, కానీ ఫోన్ అవతలి మనిషికి అవి మన అవసరం ఎంత తీవ్రమో చెప్పే ఆధారాలు మాత్రమే. అడగాల్సింది పని బలంతో. ‘ఇన్ని కేసులు చూశాను, ఈ మెషిన్ నడపగలను, ఈ సాఫ్ట్‌వేర్ ఒక్కడినే సెట్ చేశాను, నా బ్యాచ్‌కు కొత్తవాళ్లను నేనే తయారు చేశాను’ అని చెప్పండి.

కొత్తగా చదువు పూర్తయినవాళ్లకు బేరానికి చోటు తక్కువ. క్యాంపస్‌లోనూ జాబ్ మేళాలోనూ అంకె ముందే ఖాయమై ఉంటుంది. అయినా అడగాల్సినవి ఉన్నాయి. ట్రైనింగ్‌లో జీతం ఎంత, ఎన్ని నెలలు? బాండ్ ఉందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? షిఫ్టు ఏది, రాత్రిపూట క్యాబ్ ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.

నలభై వేలు ముప్పైకి దిగేదెట్లా?

పాత జీతం ప్రశ్న మొదటి వల అయితే, రెండో వల సీటీసీ. ఏడాదికి 4.8 లక్షలంటే నెలకు 40 వేలని ఇంట్లో చెప్పుకుంటాం. మొదటి నెల జీతం పడగానే లెక్క తప్పుతుంది. సీటీసీ అంటే కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు. అందులో మన చేతికి రానివి చాలా ఉంటాయి. మాదిరిగా ఒక లెక్క వేద్దాం.

నెలకు 40,000లో బేసిక్ 20,000 అనుకుందాం. పదో వంతు, అంటే 4,000, ‘వేరియబుల్ పే’. అది పనితీరు చూసి ఏడాదికోసారో మూడు నెలలకోసారో ఇస్తారు, తగ్గించనూ వచ్చు. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం చొప్పున 2,400. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, దాదాపు 960. ఇన్సూరెన్సు ప్రీమియం ఓ 500. ఇవన్నీ పోతే 32,140. అందులోంచి మన వాటా పీఎఫ్ 2,400, తెలంగాణలో 20 వేలు దాటిన జీతానికి వృత్తి పన్ను 200 కోస్తారు. చేతికొచ్చేది 29,540. పీఎఫ్ మన డబ్బే, పోదు. కానీ నెల అద్దె కట్టడానికి అది పనికిరాదు.

అందుకే జీతం మాట ఎప్పుడు వచ్చినా రెండు ప్రశ్నలు అడగాలి. ‘ఇందులో ఫిక్స్‌డ్ ఎంత? నెలకు చేతికి ఎంత?’ అంకెల విడివిడి పట్టిక మెయిల్‌లో పంపమనాలి. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందో లేదో చూడాలి. నైట్ షిఫ్ట్ డబ్బు సీటీసీలోదా, దాని మీద అదనమా అని అడగాలి.

చట్టం ఇక్కడ కొంత తోడు నిలుస్తోంది. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అలవెన్సులు మొత్తం ఆదాయంలో సగానికి మించితే, మించిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. బేసిక్‌ను నామమాత్రం చేసి పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గించుకునే పాత ఎత్తుకు ఇది అడ్డుకట్ట. అదే రోజు అమలైన మిగతా కార్మిక కోడ్‌లతో నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరైంది. ఉద్యోగం మానేసినవాళ్ల బకాయిలు రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఒకే రకమైన పనికి జీతంలో ఆడామగా తేడా చూపకూడదని కూడా వేతనాల కోడ్ చెబుతోంది. పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని అడిగి ఆ జవాబును బట్టి అంకె తగ్గించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గల్ఫ్ ఏజెంటు దగ్గరా ఇదే మాట

మన ప్రాంతం నుంచి ఫోన్లకు జవాబు చెప్పేది ఐటీ పిల్లలే కాదు. జగిత్యాల, నిర్మల్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి దుబాయ్, దోహా, రియాద్ వెళ్లేవాళ్లు ఏజెంటు ముందు కూర్చుంటారు. అక్కడ జీతం ప్రశ్న తలకిందులుగా ఉంటుంది. ఎంత కావాలని ఎవరూ అడగరు, ఎంత ఇస్తారో చెప్పినట్టు చెప్పి అక్కడికెళ్లాక వేరే కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు.

గల్ఫ్ కార్మికుల కోసం భారత ప్రభుత్వం పని రకాన్ని బట్టి కనీస వేతనాలు నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో ఆరు గల్ఫ్ దేశాలకు సంబంధించి వాటిని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణలోని గల్ఫ్ కార్మిక సంఘాలు రోడ్డెక్కాయి, హైకోర్టులో కేసు నడిచింది. 2021లో కేంద్రం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుని పాత వేతనాలనే నిలబెట్టింది. ఒక్కొక్కరూ విడివిడిగా ఏజెంటుతో మాట్లాడి ఉంటే తగ్గించిన దాంట్లో ఒక్క రూపాయి కూడా వెనక్కి వచ్చేది కాదు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై పన్ను. వెళ్లేవాళ్లు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఒప్పందం కాపీ తీసుకుని, జీతం అంకె చదివించుకుని, ఒక ఫొటో ఇంట్లో ఉంచి వెళ్లాలి.

ప్రశ్ననే ఆపిన చోట్లు

పాత జీతం అడగడం ప్రకృతి ధర్మమేమీ కాదు. అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రం 2016లో దీన్ని నిషేధిస్తూ చట్టం చేసి 2018 జులై నుంచి అమలు చేసింది. కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి, మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే న్యూజెర్సీలో 2020 జనవరి నుంచి ఇలాంటి చట్టాలున్నాయి. అంతేకాదు, 2023 నుంచి కాలిఫోర్నియాలో, 2025 జూన్ నుంచి న్యూజెర్సీలో ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత వరకో రాయాలి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన వేతన పారదర్శకత చట్టం అభ్యర్థి పాత జీతం అడగకూడదంటోంది. దాన్ని 2026 జూన్ 7లోగా తమ చట్టాల్లోకి తేవాలని సభ్య దేశాలకు గడువు పెట్టింది.

దీనివల్ల ఒరిగిందేమిటి? నిషేధం వచ్చిన అమెరికా రాష్ట్రాలను బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో పరిశీలించారు. ఉద్యోగం మారినవాళ్ల జీతం సగటున 5 శాతం ఎక్కువ పెరిగింది. మహిళలకు 8 శాతం, నల్లజాతివారికి 13 శాతం. ఎవరికి మొదట తక్కువ ఇచ్చారో వాళ్లకే ఎక్కువ మేలు జరిగింది.

మన దేశంలో అలాంటి చట్టం లేదు. కానీ పద్ధతి మనకు కొత్త కాదు. ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్‌లో పోస్టు పక్కనే పే స్కేలు అచ్చవుతుంది. సింగరేణి నోటిఫికేషన్‌లోనూ అంతే. దరఖాస్తు పెట్టేవాడికి చేరితే ఎంతో ముందే తెలుసు. ప్రైవేటు కంపెనీకి ఇది చేతకానిది కాదు, ఎందుకంటే ప్రతి పోస్టుకూ బడ్జెట్ ముందే రాసుకుని ఉంటుంది. దాన్ని చెప్పమనడమే మన కోరిక. రాష్ట్ర ప్రభుత్వం ఇక్కడ చేయగలిగింది ఒకటుంది. ప్రభుత్వం, సింగరేణి నడిపే జాబ్ మేళాల్లో బల్ల వేసుకునే ప్రతి కంపెనీ పోస్టు పేరుతో పాటు నెలకు చేతికొచ్చే జీతం బోర్డు మీద రాయాలని షరతు పెట్టాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

ఫోన్ ఎత్తేముందు

మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: బయట నడుస్తున్న రేటు, మనం అడగబోయేది, అంతకు తగ్గితే వద్దనుకునేది. మూడోది ఎవరికీ చెప్పకండి.

బడ్జెట్ అడిగే వాక్యాన్ని రెండుమూడుసార్లు పైకి అని చూసుకోండి. ఇంగ్లిష్‌లో అడగాల్సి వస్తే ఇంగ్లిష్‌లోనే అభ్యాసం చేయండి.

అంకె చెప్పాక ఆగండి. అవతలివాళ్లు మౌనంగా ఉన్నారని కంగారుపడి మీరే తగ్గించకండి.

ఆఫర్ చెప్పిన వెంటనే సరే అనొద్దు. ‘సంతోషం సర్, వివరాలు చూసుకుని రేపు సాయంత్రం చెబుతాను’ అనండి. ఒక్క రోజు అడిగినంత మాత్రాన నిఖార్సైన ఆఫర్ పోదు.

ఆఫర్ లెటర్ చేతికి రాకుండా ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేయకండి. నోటీసు పీరియడ్ రెండు, మూడు నెలల దాకా ఉండొచ్చు కాబట్టి చేరే తేదీ రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి.

మాట్లాడుకుంటేనే రేటు

చివరిగా హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లో స్థిరపడిన బెల్లంపల్లి, మందమర్రి, కాగజ్‌నగర్, గోదావరిఖని బిడ్డలకు ఒక విన్నపం. జీతం ఎవరికీ చెప్పొద్దన్న మర్యాద మీకు కంపెనీ నేర్పింది, మీ ఇల్లు నేర్పలేదు. మీ ఇంట్లో నాన్న బేసిక్ వీధంతా తెలుసు. అందువల్ల ఆయన పరువు పోలేదు, ఆయనకు తక్కువ ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాలేదు. మీ ఉద్యోగ ఒప్పందంలో గోప్యత షరతు ఉంటే మీ సొంత అంకె చెప్పకండి. కానీ మీ రంగంలో ఏ పనికి, ఎన్నేళ్ల అనుభవానికి ఎంత నడుస్తోందో ఊరి నుంచి వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పండి. పాలిటెక్నిక్ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో పండుగ శుభాకాంక్షలతో పాటు ఈ సమాచారం కూడా పెట్టండి. ఇంటర్వ్యూకు వెళ్తున్న పిల్లకు పది నిమిషాలు ఫోన్లో రిక్రూటర్‌లా మాట్లాడి అలవాటు చేయండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. ‘ఎంత ఇస్తే అంత తీసుకో’ అని చెప్పకండి. ‘ఈ పనికి ఎంత ఇస్తున్నరో అడిగినవా బిడ్డా?’ అని అడగండి. మీ తరం కలిసి కూర్చుని సాధించుకున్నది జీతం ఒక్కటే కాదు, పనికి ఒక రేటు ఉంటుందన్న నమ్మకం కూడా. ఆ నమ్మకంతో పిల్లలను పంపండి. కంపెనీ ముందు వాళ్లు ఒంటరిగా కూర్చున్నా, అడగాల్సింది మాత్రం ఒకే ఒక్క సూటి ప్రశ్న: “ఈ పోస్టుకు మీరెంత ఇస్తారు?” ముందు జవాబు చెప్పాల్సింది వాళ్లే.